చేరేనాటికే ఉంది

రోవీనా స్టిల్ట్‌నర్ యాభై మూడేళ్ళ వయసులో మళ్ళీ చదువు మొదలుపెట్టిందని తెలిసి లారెల్ లోయలో ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. చదువంటే కాలేజీ చదువు కాదు, తొమ్మిది నెలల ఆన్‌లైన్ కోర్సు. ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా పడుకుని వెళ్ళినవాళ్ళ కేస్ షీట్లు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, వచ్చిన ప్రతి జబ్బుకీ, చేసిన ప్రతి ఆపరేషన్‌కీ ఒక్కో కోడ్ వేసే పని నేర్పుతారు. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఎవర్నీ ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు అని ప్రకటనలో రాశారు. పదకొండేళ్ళు కన్నతల్లిని ఎత్తి, దించి, స్నానాలు చేయించిన నడుముకి ఆ మాట చల్లగా తగిలింది. అడిగినవాళ్ళందరికీ రోవీనా అదే చెప్పింది, ఉద్యోగం కోసమని. నిజానికి ఆమె చేరింది ఒకే ఒక్క అక్షరం కోసం. దాని సంగతి చెప్పాలంటే ముందు వాళ్ళమ్మ ఓపల్ సంగతి చెప్పాలి.

ఓపల్‌కి ఎనభై నాలుగేళ్ళు, ఆసరా పట్టుకుని నాలుగడుగులు వేసేది. కిందటేడు ఫిబ్రవరిలో, ఒక మంగళవారం సాయంత్రం, పొయ్యికీ కుర్చీకీ మధ్య కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అంబులెన్స్ వాళ్ళు నలభై మైళ్ళ దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రోవీనా కూడా వెళ్ళింది గానీ, పొద్దుట్నించీ ఆమెకి ఒళ్ళు వెచ్చగా ఉంది. గుమ్మం దగ్గరే ముక్కులో పుల్ల పెట్టి చూసి, ఫ్లూ అని తేల్చి, వెనక్కి పంపించేశారు. డెన్వర్ అనే తన అన్నకి ఫోన్ చేసింది. అతను యాష్‌ల్యాండ్‌లో లారీ నడుపుతాడు. అప్పటికి రెండేళ్ళుగా తల్లి గడప తొక్కలేదు, ఫోన్‌లో పలకరింపులే. ఆ రాత్రి మాత్రం ఉన్నపళంగా బయల్దేరి వచ్చాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ నడుము కింద, ఎముక పొడుచుకొచ్చే చోట, అరచెయ్యి వెడల్పున పడక పుండు తేలింది, కదలకుండా పడుకున్నవాళ్ళకి వచ్చేది. అది లోపలికి తొలిచింది, రక్తంలో విషం పాకింది. పంతొమ్మిదో రోజున ఓపల్ పోయింది. తుంటి విరిగి కాదు, పుండుతో పోయింది.

డెన్వర్ ఊరుకునే మనిషి కాదు. ఆసుపత్రిని కోర్టుకి ఈడుస్తానని వకీలు దగ్గరికి వెళ్ళాడు. వకీలు కాగితాలు అటూ ఇటూ తిరగేసి, ఇది నిలబడదన్నాడు. ఆసుపత్రి ఇచ్చిన జబ్బుల పట్టీలో ఒక్కో జబ్బు పక్కన ఒక్కో అక్షరం ఉంటుంది. పుండు పక్కన 'వై' అని ఉంది. వై అంటే అవును, ఆసుపత్రిలో చేరేనాటికే ఉంది అని. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న పుండుకి ఆసుపత్రి జవాబుదారీ ఎలా అవుతుందని వకీలు అడిగాడు. డెన్వర్ అక్కడ్నుంచి తిన్నగా లారెల్ లోయకి వచ్చి, ఆ కాగితం చెల్లెలి వంటింటి బల్ల మీద కొట్టాడు.

"చదువు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువు."

"ఏంటిది?"

"అమ్మ పుండు. ఇక్కడ్నుంచే వెళ్ళిందట. నీ చేతుల్లోంచి."

"ఆ రోజు పొద్దున్నే నేను స్నానం చేయించా డెన్వర్. వీపంతా తుడిచి పౌడరు రాశా. పుండూ లేదు, ఎరుపూ లేదు."

"అయితే కాగితం అబద్ధమాడుతోందా? డాక్టర్లందరూ పనిలేక కూర్చుని నీ మీద కథ అల్లారా?"

"నేను చూశానంటుంటే..."

"చూశావులే. పదకొండేళ్ళు చూసుకున్నా, చూసుకున్నా అని ఊరంతా చాటుకున్నావు. ఇదా చూసుకోడం?"

అంతే. తర్వాత పదమూడు నెలలు అతను చెల్లెలితో మాట్లాడలేదు. ఆమెతో మాట్లాడలేదు గానీ మిగతా లోకమంతటితో మాట్లాడాడు. చర్చిలో, మంగలి షాపులో, పెట్రోల్ బంకు దగ్గర, ఎవరు దొరికితే వాళ్ళకి వినిపించాడు. నేను నలభై గంటలు అమ్మ పక్కన కూర్చున్నాను, ఆవిడ ఇంట్లో ఉండి కూడా వీపు తిప్పి చూడలేదు అని. మొహం మీద తిట్టినవాళ్ళు ఎవరూ లేరు. ఒకరోజు కిరాణా కొట్లో ఒకావిడ దగ్గరికొచ్చి, ఎంతో మెత్తగా, "రోజూ అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేదానివేనా తల్లీ?" అని అడిగింది. ఆ మెత్తదనానికి రోవీనా తట్టుకోలేకపోయింది. సరుకుల బుట్ట అక్కడే వదిలేసి వచ్చేసింది.

అప్పుడే ఆసుపత్రికి ఉత్తరం రాసింది. ఆ అక్షరం తప్పు, దిద్దండి అని. ఆరు వారాలకి జవాబొచ్చింది. మీ తల్లిగారి రికార్డు సరిగానే ఉంది, సంపూర్ణంగా ఉంది, మార్చడం కుదరదు. ఆమె ఫోన్ చేసింది. సంగీతం విని, విని, చివరికి ఒక ఆడమనిషి గొంతు దొరికింది.

"మీకు సమ్మతం కాకపోతే అసమ్మతి పత్రం రాసి ఇవ్వచ్చండీ. ఫైల్లో జత చేస్తాం."

"అది ఎవరన్నా చదువుతారా అమ్మా?"

"ఫైల్లో ఉంటుందండీ."

"ఉంటుంది సరే, చదువుతారా?"

"ఫైల్లోనే ఉంటుందండీ, ఎక్కడికీ పోదు."

ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆమె ముందున్న కాగితంలో అంతవరకే రాసి ఉంటుంది. ఫోన్ పెట్టేశాక రోవీనాకి ఒక ఆలోచన వచ్చింది. ఈ అక్షరాలు వేసేవాళ్ళు తల్లి కడుపులోంచి నేర్చుకుని పుట్టరు కదా, ఎవరో ఎక్కడో నేర్పుతూ ఉండాలి. అలా దొరికింది ఈ కోర్సు.

లోయలో ఇంటర్నెట్ గాలివాటం. అందుకని పట్నంలో లైబ్రరీకి వెళ్ళి, మూలబల్ల దగ్గర చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చునేది. మంగళ, గురువారాలు పది గంటలకి క్లాసు. పాఠం చెప్పేది అలబామాలో ఉండే యోలాండా ప్రూట్. అందరూ మిస్ యోలాండా అంటారు. ఇరవై ఆరేళ్ళు కోడింగ్ చేసి చేసి కళ్ళు పాడైపోయాయనీ, ఇప్పుడు మీ కళ్ళు పాడుచెయ్యడానికి వచ్చాననీ మొదటిరోజే చెప్పింది.

మొదటి రెండు నెలలూ ఎముకలు, నరాలు, రక్తనాళాలు. తర్వాత కోడ్‌లు. రోవీనాకి తల ప్రాణం తోకకొచ్చింది. కష్టం కోడ్‌లతో కాదు, ఆమెకి మరీ ఎక్కువ తెలుసు, అదీ చిక్కు. ఒక నమూనా కేస్ షీట్లో రోగికి ఇన్సులిన్ ఇస్తున్నారని కనపడగానే చక్కెర జబ్బు కోడ్ వేసేసింది. మిస్ యోలాండా ఎర్ర గీత గీసింది.

"షుగర్ ఉందని డాక్టరు రాశారా రోవీనా?"

"లేదు మిస్ యోలాండా. కానీ ఇన్సులిన్..."

"మీరెప్పుడు డాక్టరయ్యారు? మాకు చెప్పనేలేదు."

క్లాసంతా నవ్వింది. రోవీనా కూడా నవ్వింది. తెలిసినదాన్ని పక్కనపెట్టి, రాసి ఉన్నదాన్ని మాత్రమే పట్టుకోవడం ఆమెకి అప్పటిదాకా అలవాటు లేని విద్య. మంచం పక్కన కూర్చున్నన్నాళ్ళూ ఆమె చేసింది సరిగ్గా దానికి తిరగేసిన పని. తల్లి నోరు విప్పకముందే ఆకలో, నొప్పో, భయమో కనిపెట్టేది.

ఆమె ఎదురుచూసిన పాఠం ఏడో నెలలో వచ్చింది. తెర మీద ఆ అక్షరం కనపడగానే రోవీనా కుర్చీ ముందుకి జరుపుకుంది.

"జాగ్రత్తగా వినండి," అంది మిస్ యోలాండా. "ఇక్కడ కొత్తవాళ్ళందరూ బోల్తా పడతారు. పేషెంటు సోమవారం ఎమర్జెన్సీకి వచ్చాడు. బెడ్‌లు లేవు, వరండాలో స్ట్రెచర్ మీదే ఉంచారు. మంగళవారం అక్కడే ఒంట్లో కొత్త జబ్బు మొదలైంది. బుధవారం డాక్టరు ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోమని ఆర్డరు రాశారు. ఆ జబ్బు పక్కన ఏ అక్షరం వేస్తారు?"

ఎన్ అని పదిమంది రాశారు. ఎన్ అంటే లేదు, చేరాక వచ్చింది అని. రోవీనా కూడా ఎన్ అనే రాసింది.

"అందరూ బోల్తా. వై. చేరడం అంటే గుమ్మం దాటడం కాదు నాయనలారా. చేర్చుకోమని ఆర్డరు పడిన నిమిషం. దానికి ముందు ఎమర్జెన్సీలో ఎన్ని గంటలున్నా, ఎన్ని రోజులున్నా, ఆ గంటల్లో ఒంటికి ఏం జరిగినా, చేరేనాటికే ఉన్నట్టు."

రోవీనా మాట్లాడబోయింది. మైకు మూసి ఉందని గుర్తు లేదు. తెర మీద ఆమె నోరు ఆడుతోంది గానీ గొంతు ఎవరికీ వినపడలేదు. మిస్ యోలాండా తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయింది.

క్లాసు అయ్యాక రోవీనా సంచీలోంచి తల్లి కేస్ షీట్ తీసింది. ఎన్నిసార్లు చదివిందో దానికి లెక్కలేదు, కానీ ఈ కళ్ళతో చదవలేదు. ఎమర్జెన్సీకి వచ్చిన సమయం మంగళవారం రాత్రి తొమ్మిదీ పది. చేర్చుకోమని డాక్టరు ఆర్డరు గురువారం మధ్యాహ్నం రెండూ ఇరవై. నర్సు మొదటిసారి వీపు చూసి, ఊదారంగు తిరిగిన మచ్చ, అరచెయ్యంత, అని రాసింది గురువారం మూడూ అయిదుకి. మధ్యలో నలభై ఒక్క గంటలు. ఆ గంటల్లో రక్తపోటు రాశారు, జ్వరం రాశారు, మందులు రాశారు. ఒక్కసారి కూడా ఆమెని పక్కకి తిప్పినట్టు రాయలేదు. ఎనభై నాలుగేళ్ళ ఎముకల మనిషి చెక్కబల్లలాంటి స్ట్రెచర్ మీద నలభై ఒక్క గంటలు వెల్లకిలా పడుకుంది.

రోవీనా లైబ్రరీలో బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. అది సంతోషం. సిగ్గుపడాల్సినంత సంతోషం. ఆ పుండు తన చేతులది కాదు. తన కళ్ళు మోసపోలేదు. ఆ పొద్దున తాను తుడిచిన వీపు నిజంగానే బాగుంది.

మర్నాడు మిస్ యోలాండాకి ఫోన్ చేసి, తల్లి అని చెప్పకుండా, ఒక కేసు ఉంది, ఇలా జరిగింది, ఆ అక్షరం మార్పించవచ్చా అని అడిగింది.

"మార్చడానికేముంది హనీ? సరైనదే కదా."

"కానీ చూసినవాళ్ళు ఇంట్లోంచి వచ్చిందనుకుంటారు. వకీళ్ళు కూడా."

"అనుకుంటారు. మనం అనుకునేవాళ్ళ కోసం కోడ్ వెయ్యం."

"పోనీ డాక్టర్ని అడిగించవచ్చా? ఎప్పుడు మొదలైందో రాయమని?"

"అడగాలంటే కాగితంలో ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి ఉండాలి. అలా ఉందా?"

"లేదు మిస్ యోలాండా."

"ఎవరది రోవీనా?" అంది మిస్ యోలాండా. ఆ గొంతులో పాఠం లేదు.

"అమ్మ."

"అయ్యో తల్లీ," అంది ఆవిడ.

సరే, కాగితం మారదు. మారకపోతే మానె. డెన్వర్‌కి అర్థమైతే చాలు అనుకుంది రోవీనా. ఊరు నమ్మినా నమ్మకపోయినా, ఒకే తల్లి కడుపున పుట్టినవాడు నమ్మితే చాలు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉత్తరం రాస్తే విప్పకుండానే తిరిగొచ్చింది. ఈలోగా ఆఖరి పరీక్ష వచ్చింది. అందులో ఆ ప్రశ్న రానే వచ్చింది, ఎమర్జెన్సీలో మొదలైన జబ్బు, ఏ అక్షరం అని. ఆలోచించకుండా వై కొట్టింది. మంచి మార్కులతో పాసైంది. ఎక్కడో ఒహాయోలో ఉన్న ఆసుపత్రి ఇంట్లోంచి చేసే ఉద్యోగం ఇచ్చింది, జూన్ మొదటివారం నుంచి. చర్చి ఆడవాళ్ళు శుభాకాంక్షల కార్డు పంపారు. డెన్వర్ ఉలకలేదు, పలకలేదు.

మే నెలాఖరు ఆదివారం సమాధుల పండగ. లోయవాళ్ళందరూ కొండమీది శ్మశానానికి వెళ్ళి, ఎవరి పెద్దల సమాధుల దగ్గర వాళ్ళు గడ్డి కోసి, పూలు పెట్టి, పాటలు పాడి, అక్కడే బల్లలు వేసుకుని భోజనాలు చేస్తారు. ఎంత పగ ఉన్నవాళ్ళయినా ఆ రోజు రాకుండా ఉండరు. రోవీనా పాఠంలో ఆ పేజీ ప్రింట్ తీసి, రెండు వాక్యాల మీద పసుపు రంగు పూసి, కింద తల్లి గంటలు వరసగా రాసి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని వెళ్ళింది.

డెన్వర్ అప్పటికే తల్లి సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కత్తెరతో రాయి చుట్టూ గడ్డి కత్తిరిస్తున్నాడు. మనిషి సగం అయిపోయాడు. ఆమె పక్కన నిలబడింది. అతను తల ఎత్తలేదు.

"అయిదు నిమిషాలు డెన్వర్. ఒక కాగితం చూపిస్తా, తర్వాత నీ ఇష్టం."

"నాకు కాగితాలు చాలు. నీకిప్పుడు కాగితాల చదువొచ్చిందటగా. వాళ్ళ దగ్గరే కొలువులో కూడా చేరతావట. బాగుంది."

"ఒక్కటే అడుగుతా. ఆసుపత్రిలో చేరడమంటే ఏంటనుకుంటున్నావు నువ్వు?"

"అదేం ప్రశ్న? లోపలికి తీసుకెళ్ళడం. నన్నడుగు, నేను చెప్తా. నేనక్కడున్నా. నీలాగా ఇంట్లో ముసుగు తన్ని పడుకోలా. ఆ వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో, నలభై గంటలు. కాఫీకి కూడా లేవలా."

"తెలుసు."

"నీకేం తెలుసే? ఏం తెలుసు నీకు?" కత్తెర పక్కన పడేశాడు. "అమ్మ ఏమడిగిందో తెలుసా? ఒత్తిగిలి పడుకోబెట్టరా నాన్నా, వీపు మండిపోతోందిరా అంది. ఒకసారి కాదు. ఎముక ఫోటో తీసేదాకా కదపొద్దని నర్సు చెప్పింది. కదలకమ్మా అన్నా. ఫోటో తీశారు, ఆ తర్వాత ఇంక ఎవరూ రాలా. మళ్ళీ అడిగింది. నర్సు కదపొద్దంది కదా అన్నా. రెండోరోజు పొద్దున కసిరా కూడా. చిన్నపిల్లలా ఏంటమ్మా ఈ గొడవ, అందరూ చూస్తున్నారు అన్నా. ఆ తర్వాత ఇంక అడగలా."

రోవీనా చెయ్యి జేబులో కాగితం మీద ఉంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నలభై ఒక్క గంటలు ఆమె ఎన్నోసార్లు లెక్కపెట్టింది. ఆ గంటల పక్కన కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

"వకీలు ఆ అక్షరం చూపించిన రోజున," అన్నాడు డెన్వర్, మట్టి చేత్తో మొహం తుడుచుకుని, "నాకు నిద్ర పట్టింది. అంతకుముందు పట్టేది కాదు. కళ్ళు మూసుకుంటే వీపు మండుతోందిరా అని వినపడేది. పుండు ముందునుంచే ఉందిగా. అందుకే మండింది. నేను తిప్పినా తిప్పకపోయినా ఒకటే. అవునా, కాదా? నువ్వు చదువుకున్నావుగా, చెప్పు. నేను తిప్పి ఉంటే ఏమన్నా మారేదా?"

రెండు గంటలకోసారి తిప్పి ఉంటే మారేది. అది కోర్సుకి ముందే తెలుసు ఆమెకి, పదకొండేళ్ళుగా తెలుసు. ఆమెకి ముందు ఒళ్ళు మండిపోయింది. నోరు విప్పి అరవాలనిపించింది. తిప్పలేదా? అడిగితే తిప్పలేదా? పదమూడు నెలలు నన్ను ఊరి నోట్లో పడేసి నువ్వు హాయిగా నిద్రపోయావా? అతను ఆమె మొహంలోకే చూస్తున్నాడు. అరవై ఏళ్ళవాడు, మోకాళ్ళ మీద, నోరు కొంచెం తెరుచుకుని, ఆమె ఏమంటుందోనని. ఆ చూపు రోవీనాకి తెలుసు. చివరి రోజుల్లో తల్లి కూడా అలాగే చూసేది, నయమవుతుందని ఎవరైనా అంటారేమోనని.

కాగితం తీసి ఇస్తే చాలు. రెండు వాక్యాలు. తను గెలుస్తుంది.

ఆమె చెయ్యి బయటికి తీసింది, ఖాళీగా.

"ఏం మారేది కాదు," అంది. "ముందే ఉంది."

"మరి లేదన్నావు?"

"భయమేసి అన్నా."

డెన్వర్ భుజాలు కదులుతుండగా ఏడ్చాడు. ఆమె కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. అతను వద్దనలేదు.

"పోన్లే చెల్లీ," అన్నాడు చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "ఒప్పుకున్నావు, అది చాలు. నువ్వూ మనిషివేగా, ఎన్నని చూసుకుంటావు. అమ్మ క్షమిస్తుందిలే. నేను క్షమించేశా."

"సరే డెన్వర్."

అతను లేచి, ఆమెకి చెయ్యి అందించి లేపాడు. చెయ్యి వదలకుండానే బల్లల దగ్గరికి నడిపించుకుంటూ వెళ్ళాడు. జనం మాటలు ఆపి చూశారు. పిన్ని కూతురొకామె గరిటె పట్టుకుని నిలబడిపోయింది. డెన్వర్ ఆమెకి వినపడేట్టుగా, ఇంకా నలుగురికి వినపడేట్టుగా, మెల్లిగానే చెప్పాడు. "ఒప్పుకుంది. అయిపోయింది ఇక. ఎవరూ ఇంక దాన్నేమీ అనొద్దు."

అందరూ జాలిగా జరిగి ఆమెకి చోటిచ్చారు. కిరాణా కొట్లో అడిగినావిడే వచ్చి, ఆమె పళ్ళెంలో బీన్స్ వేసి, మొక్కజొన్న రొట్టె పెద్ద ముక్క పెట్టి, భుజం నిమిరి వెళ్ళింది. రోవీనా ముక్క తుంచింది గానీ నోట పెట్టలేకపోయింది. పక్కన డెన్వర్ పళ్ళెం ఖాళీ చేసి, మళ్ళీ వడ్డించుకుని, చాలా నెలల తర్వాత కడుపునిండా తిన్నాడు.